నోరు తెరిచిన నీటిగుర్రం

7, బుధవారం

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు మా డాక్టరమ్మకు ఇచ్చింది. ఆవిడ నాకు అంటగట్టింది. నేను అటక మీద పడేశాను. ఇవాళ దించి దుమ్ము దులిపాను, ఎందుకంటే ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు.

లేకేం, ఉన్నారు. కింద వాటాలో అక్క ఉంది, బావ ఉన్నాడు. కానీ రేడియో ఆగిపోయి ఇవాళ్టికి నాలుగో రోజు.

రేడియో అంటే అక్క కూతురు. ఇంకో పదకొండు రోజుల్లో ఏడేళ్ళు నిండుతాయి. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ మూసేదాకా నోరు మూయదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఈ ఇంట్లో పేర్లు పెట్టే శాఖ నాదే. బయట ఉద్యోగం డాక్టరమ్మ క్లినిక్ వెనక గదిలో పళ్ళ సెట్లు చేయడం. నేను చేసిన పళ్ళతో ఈ ఊళ్ళో ఎంతమంది నవ్వుతున్నారో చెప్పలేను. నేను మాత్రం రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతాను. అలవాటు. ఎందుకన్నది ఈ డైరీకి అనవసరం.

రేడియోకి పై వరసలో ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఆదివారం బావ తమ్ముడి కుటుంబం భోజనానికి వచ్చింది. నేనేదో సరదాకి ఓ మాట అన్నాను. అందరూ నవ్వారు. అది నవ్వలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు.

ఇప్పుడు నాతో పలకదు. మిగతా వాళ్ళతో మాట్లాడుతుంది గానీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. పిల్లలన్నాక అలుగుతారు. రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

8, గురువారం

సర్దుకోలేదు.

9, శుక్రవారం

పొద్దున అక్క కూరగాయలు తరుగుతూ పిలిచింది.

"పుట్టినరోజు వద్దంటోందిరా. ఫ్రెండ్స్ ఎవరూ రాకూడదట. కేకూ వద్దట."

"ఎందుకట?"

"ఎందుకో నీకు తెలీదూ?" అని కత్తి నా వైపు తిప్పింది.

తెలీదనే అన్నాను. అప్పుడు చెప్పింది. బావ తమ్ముడి కూతురు పిలక, మా రేడియో, ఇద్దరూ ఒకే క్లాసు. ఆదివారం నేనన్న మాట సోమవారానికల్లా క్లాసంతా పాకింది. ఇది పాఠం చదవడానికి నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీల వాళ్ళు బస్సు హారన్ కొడుతున్నారట. పాం పాం అని. బుధవారం నుంచి ఇది లేచి చదవడం మానేసింది. టీచరు అడిగితే తల అడ్డంగా ఊపుతోందట.

సరే, ఇక్కడ దాచి లాభమేముంది. ఆదివారం నేనన్నది ఇది: "మా తొర్రి రాణి గారు నోరు తెరిస్తే ఆ సందులోంచి బస్సు పోతుంది. ముసలాళ్ళకు చేసినట్టు నీకూ ఓ సెట్టు చేసి పెట్టనా?"

రాసి చూస్తే అంత సరదాగా లేదు.

అక్కతో అన్నాను, కేకు నేను చేస్తానని. రేడియోకి నీటిగుర్రం కేకు కావాలి. రెండు నెలల క్రితం ఏదో పుస్తకంలో చూసి, ఆ బొమ్మ మంచం పక్కన గోడకు అంటించుకుంది. "కేకు ఇలా ఉండాలి మామా, నోరు ఇంత తెరిచి," అని తన నోరు చెవుల దాకా తెరిచి చూపించింది. అప్పటికి పళ్ళున్నాయి.

"నువ్వా? కేకా?" అంది అక్క. "గుడ్డు పగలగొట్టడం వచ్చా నీకు?"

"రోజుకు నాలుగు దవడలు పోత పోసేవాణ్ణి. ఒక్క కేకు పొయ్యలేనా?"

"కేకు సంగతి సరే. దాన్ని పక్కన కూచోబెట్టుకుని నీ సంగతి చెప్పరాదూ? నాలుగు ముక్కల్లో అయిపోతుంది."

"ఏ సంగతి?"

అక్క నా నోటి వైపు చూసింది. నేను లేచి క్లినిక్కు వెళ్ళిపోయాను.

ఒక్క విషయం స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. ఇది క్షమాపణ కాదు. కేకు. రెండిటికీ ఏ సంబంధమూ లేదు.

10, శనివారం

ఫ్రిజ్ మీద చీటీ. పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాలు.

"మామకు. నీటిగుర్రం ఓకే. నోరు మూసుకుని ఉండాలి."

రేడియో అచ్చులో వచ్చిందని ముందు సంబరపడ్డాను. తర్వాత మళ్ళీ చదివాను. "మూసుకుని" కింద రెండు గీతలు ఉన్నాయి.

11, ఆదివారం

మా పనిలో ఏది చేయాలన్నా ముందు ప్లాస్టర్‌తో నమూనా పోస్తాం. నీటిగుర్రానికీ అదే పద్ధతి అనుకుని ల్యాబు నుంచి తెల్ల ప్లాస్టర్ పొడి తెచ్చి బిస్కెట్ డబ్బాలో పోశాను. ఐసింగ్ కోసం అక్క చక్కెర మెత్తగా పొడి కొట్టి, అదీ బిస్కెట్ డబ్బాలోనే పోసింది. ఒకే రకం డబ్బాలు, ఒకే మూతలు. తప్పెవరిదో దీన్ని బట్టే తెలుస్తోంది. బిస్కెట్ల వాళ్ళది.

అభ్యాసానికి చేసిన కేకు మాత్రం బాగానే వచ్చింది. పెద్ద గిన్నెలో ఒళ్ళు, చిన్న గిన్నెలో తల. పొంగాయి. నేనూ పొంగిపోయాను. ఒక పుల్ల గుచ్చి తలను ఒంటికి తగిలించి, ఐసింగ్ కలపడం మొదలుపెట్టాను. నీళ్ళు పోసి కలుపుతుంటే చెయ్యి దానంతటదే కదిలింది. బుడగలు పోవడానికి గిన్నెను బల్లకేసి తట్టాను కూడా. అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ రుచి చూసే అలవాటు నా వృత్తిలో లేదు.

ఎంత నున్నగా పూశానంటే అక్క కూడా "పర్లేదురా" అంది. పది నిమిషాల తర్వాత వేలు పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. ఐసింగ్ వేడెక్కడమేమిటని ఒక్క క్షణం ఆలోచించాను. రెండో క్షణానికి అర్థమైపోయింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది.

అంతలోనే బావ చెంచాతో వచ్చాడు. పోస్టాఫీసులో పార్సెళ్ళ విభాగం ఆయనది. ఏ పెట్టెలో ఏముందో తట్టి చెబుతాడు. కేకును తట్టాడు.

టక్.

"ఏరా, ఇది తినడానికా, పునాదికా?"

ఆగమనేలోపే చెంచా గుచ్చాడు. చెంచా వంగింది.

గుమ్మంలో రేడియో నిలబడి ఉంది. చెయ్యి నోటికి అడ్డంగానే ఉంది గానీ భుజాలు కదిలాయి. నేను చూడగానే లోపలికి పారిపోయింది. నవ్విందో దగ్గిందో తెలియదు. నవ్విందనే రాసుకుంటున్నాను.

మొదటి నీటిగుర్రం ఇప్పుడు పెరట్లో ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా ఆపుతోంది. అక్క రెండు డబ్బాల మీదా పేర్లు రాసింది. నా డబ్బా మీద "విషం" అని రాసింది. విషమేమీ కాదని చెప్పినా వినలేదు.

13, మంగళవారం

క్లినిక్ నుంచి వచ్చాక సాయంత్రం రెండో నీటిగుర్రం. ఈసారి చక్కెరతోనే, నాలిక మీద వేసుకుని చూశాకే. బూడిద రంగు కోసం నలుపు కలిపితే వంకాయ రంగొచ్చింది. నోరు మూసే పెట్టాను. చీటీలో ఎలా ఉంటే అలా.

బావను పిలిచి ఇదేంటో చెప్పమన్నాను.

"దిండు."

"సరిగ్గా చూడు బావా."

"కుళ్ళిన బంగాళాదుంప."

"జంతువు."

అక్క తొంగి చూసి, "భోజనం చేసి పడుకున్న మీ బావ," అంది.

రేడియో వచ్చింది. కేకు చుట్టూ ఒకసారి తిరిగింది. వెళ్ళి చీటీ రాసి ఫ్రిజ్‌కు అంటించింది. "ఇది ఏంటి?"

ఒకే గదిలో ఉన్నాం. రెండడుగుల దూరం. అయినా చీటీయే.

14, బుధవారం

ఫోనులో ఫొటో చూపిస్తే డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఎవరిదయ్యా ఈ దవడ వాపు? వెంటనే రమ్మను," అంది.

నీటిగుర్రమని చెప్పాను. ఆవిడ కాసేపు నవ్వుకుంది.

"నోరు తెరవకపోతే అది నీటిగుర్రమని ఎవరికి తెలుస్తుంది? ఈ కుర్చీలో కూచున్న ప్రతి మనిషికీ నేను చెప్పేది అదే. నోరు తెరవండి, మిగతాది నేను చూసుకుంటాను."

మధ్యాహ్నం ఇంటికొచ్చి చీటీ పెట్టాను. "నోరు మూస్తే దిండులా ఉంది. తెరవడానికి అనుమతి కావాలి. ఇట్లు, మామ."

సాయంత్రానికి జవాబు. "సరే. కానీ పళ్ళన్నీ ఉండాలి. ఒక్కటి కూడా తక్కువ ఉండకూడదు."

ఒక్కటి కూడా. చీటీ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుట్టుపక్కల ఉల్లిపాయ కూడా లేదు, ఇంకేమని చెప్పుకోను.

15, గురువారం

అక్క మళ్ళీ అదే పాట. "చెప్పావా దానికి?" లేదు. "చెప్తావా?" చెప్పను.

ఈ డైరీకీ అనవసరమే. అయినా ఎవరు చూడొచ్చారు.

పన్నెండేళ్ళప్పుడు స్కూలు గోడ దూకబోయి మూతి పగలగొట్టుకున్నాను. ముందు పళ్ళు రెండూ పోయాయి, పై వరసలో. సరిగ్గా అవే రెండు. పాలపళ్ళు కావు, మళ్ళీ వచ్చేవి కావు. క్లాసులో నన్ను "గుహ" అనేవాళ్ళు. గుహా అని అరిచి, గుహా... గుహా... అని ప్రతిధ్వని కూడా వాళ్ళే ఇచ్చేవాళ్ళు. మూడేళ్ళు నేను నోరు తెరిచి నవ్వలేదు. అక్కే రోజూ నాతో పాటు వెనక దారిలో నడిచి వచ్చేది.

ఈ వృత్తిలోకి ఎందుకొచ్చానని అందరూ అడుగుతారు, ఆసక్తి అని చెబుతాను. నా నోట్లో ఉన్న ప్లేటు, దాని మీద రెండు పళ్ళు, నేనే చేసుకున్నాను. నా చేతి పనుల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. అక్కకు, డాక్టరమ్మకు తప్ప మూడో మనిషికి తెలియదు. తొమ్మిదేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నా బావకు తెలియదు.

అంత పడ్డవాణ్ణి, అలాంటి మాటే తీసుకెళ్ళి ఆరేళ్ళ పిల్ల నెత్తిన పెట్టాను. ఎందుకు పెట్టానో ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. సిగ్గుగా ఉంది.

అయితే దానికి పళ్ళు మళ్ళీ వస్తాయి. నాకు రావు. కాబట్టి రెండూ ఒకటి కాదు. కాబట్టి చెప్పాల్సిన అవసరం లేదు. కేకు చేస్తున్నాను కదా. చాలు.

16, శుక్రవారం

చక్కెర ముద్దతో పళ్ళు చేస్తున్నాను. క్లినిక్ నుంచి రంగుల పట్టీ తెచ్చాను, ఎవరి పన్ను ఎంత తెలుపో పోల్చి చూసేది. మరీ తెల్లగా ఉంటే కట్టుడు పళ్ళని ఇట్టే తెలిసిపోతుంది. చివర్లు కొంచెం పల్చగా, మొదలు కొంచెం పసుపుగా ఉండాలి. చిగుళ్ళకు లేత గులాబీ. అక్క చూసి, "ఇంత ముద్దుగా మనుషులకైనా చేస్తావా?" అంది.

ఫ్రిజ్ మీద ఇవాళ్టి వార్త: "పళ్ళు బాగుంటే ఫ్రెండ్స్ రావచ్చు. నలుగురు. పిలక కూడా."

పిలకను కూడా ఎందుకు పిలుస్తోందని అక్కను అడిగాను. "దానికి చూపించాలటరా," అంది.

17, శనివారం

మూడో నీటిగుర్రం నోట్లో పైన పధ్నాలుగు, కింద పధ్నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టాను. ఒక్కటి కూడా తక్కువ లేదు.

18, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

నాలుగింటికి అందరూ వచ్చారు. బావ తమ్ముడు, ఆయన భార్య, పిలక, ఇంకో ముగ్గురు పిల్లలు. రేడియో కొత్త గౌను వేసుకుని బల్ల చివర నిలబడింది. పెదవులు బిగించి ఉన్నాయి. నేను కేకు మీద కప్పిన గుడ్డ తీశాను.

"ఓరి నాయనో," అంది అక్క. "మనిషి పళ్ళు పెట్టావేంట్రా!"

అప్పుడు చూశాను. మూడు రోజులు ముక్కు ఆనించి పని చేసినవాణ్ణి, అప్పుడు చూశాను. ముందు పళ్ళు, కోర పళ్ళు, దవడ పళ్ళు, ఏ నోటికైనా ఎలా పేరుస్తానో అలాగే పేర్చాను. గోడ మీద బొమ్మ వైపు ఒక్కసారి చూస్తే తెలిసేది, నీటిగుర్రానికి నాలుగు మొద్దు కోరలు, మధ్యలో ఖాళీలు. నాదేమో వరస తప్పకుండా నవ్వుతోంది.

"మా పాత పోస్టుమాస్టరు గారు అచ్చం ఇలాగే నవ్వేవారు," అన్నాడు బావ.

"ఆయన సెట్టు నేను చేసిందే," అన్నాను.

పెద్దవాళ్ళు పగలబడి నవ్వారు. పిల్లలు దగ్గరికి తోసుకొచ్చారు. ఒక్క క్షణం అంతా బాగుందనిపించింది. అంతలో పిలక అంది, "నీటిగుర్రానికి కూడా అన్ని పళ్ళున్నాయి. తొర్రి రాణికే లేవు!"

ఎవరో పాం అన్నారు. ఇంకెవరో పాం పాం అన్నారు. పిలక తల్లి "ష్, తప్పు" అంది గానీ నవ్వుతూనే అంది.

రేడియో చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. అది పిలక వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. మాట మొదలుపెట్టింది నువ్వే కదా, ఆపేది కూడా నువ్వే కదా అన్నట్టుంది. పళ్ళన్నీ పెట్టేశాను, ఐసింగ్ పూసేశాను, అడిగిందల్లా చేసేశాను. ఇంక చేయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు, ఆ ఒక్కటి తప్ప.

ప్లేటు తీసేటప్పటి అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగాను. మళ్ళీ వెనక్కి తిరిగాను. వేలితో తోసి ప్లేటు ఊడదీసి, అందరూ చూస్తుండగా కేకు పక్కన సాసరులో పెట్టాను.

"ఓరి నీ!" అన్నాడు బావ. "తొమ్మిదేళ్ళురా! తొమ్మిదేళ్ళు!"

నేను నోరు తెరిచి పిలకకు చూపించాను. "బస్సేంటమ్మా, ఇటు చూడు. ఇక్కణ్ణించి లారీ పోతుంది."

'స' వచ్చిన చోట ఈల వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా మనుషుల ముందు ప్లేటు లేకుండా మాట్లాడలేదు, ఆ ఈల సంగతే మర్చిపోయాను. హారన్లు ఆగిపోయాయి.

"అసలు తొర్రి నేను," అన్నాను. ఈల. "ఆ పేరు నాది. దీనికి అంటగట్టాను. దీనికి రేపో మాపో కొత్తవి వస్తాయి, నాకెప్పటికీ రావు. ఇంకెవరైనా తొర్రి అనాలనుకుంటే నన్ను అనండి."

తర్వాత రేడియో ముందు మోకాళ్ళ మీద కూచున్నాను. చెవులు కాలిపోతున్నాయి.

"సారీ," అన్నాను. కుక్కర్ కూసినట్టు వచ్చింది.

అది చెయ్యి కిందికి దించింది. నా నోటి లోపలికి వంగి చూసింది, డాక్టరమ్మ కంటే శ్రద్ధగా.

"మళ్ళీ అను," అంది.

పధ్నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"సారీ."

"మళ్ళీ."

ఏడుసార్లు అనిపించింది. నాలుగోసారికే నవ్వేసింది. చెయ్యి అడ్డం పెట్టలేదు, నోరు చెవుల దాకా తెరిచింది, ఆ సందు మొత్తం కనబడింది. ఎంత బాగుందో. ఏడోసారికి అది కూడా నాతో పాటు సారీ అంది. దానికీ ఈల వచ్చింది. నాకంటే సన్నగా, నాకంటే గట్టిగా.

ఇంకేముంది, పిల్లలందరూ మొదలుపెట్టారు. సారీ, సారీ, సారీ. ఎవరికీ ఈల రాదు. పిలక బుగ్గలు ఉబ్బించి, మెడ నరాలు తేలేలా ఊదింది. రాలేదు. "నాకెందుకు రావట్లేదు?" అని ఏడుపు మొహం పెట్టింది.

"నీకు రాదులే," అంది రేడియో, చాలా జాలిగా. "నీకు పళ్ళున్నాయి కదా."

తర్వాత బల్ల మీదికి వంగి నీటిగుర్రం పై వరసలో ముందు పళ్ళు రెండూ పీకేసింది. "ఇప్పుడు దీనికి కూడా వస్తుంది," అంది. ఒకటి తన నోట్లో వేసుకుంది. ఒకటి నా నోట్లో పెట్టింది. నేను పక్క పళ్ళతో కొరికాను, అది కూడా పక్క పళ్ళతోనే కొరికింది. మిగతా ఇరవై ఆరింటి కోసం పిల్లలు కొట్టుకున్నారు.

ఆ తర్వాత రేడియో ఆగలేదు. ఎప్పుడు ఊడాయి, నొప్పి పుట్టిందా, రక్తం వచ్చిందా, గోడ ఎంత ఎత్తు, నిద్రపోయేటప్పుడు ఎక్కడ పెడతావు, అవి నిన్ను కరుస్తాయా, నాన్నకు ఎందుకు చెప్పలేదు, నాన్నవి నిజమైనవేనా. బావ పళ్ళు లాగి చూసింది. నిజమైనవే.

అందరూ వెళ్ళాక అక్క పళ్ళేలు కడుగుతూ అంది, "నాలుగు ముక్కల్లో అయిపోయేదానికి మూడు కేకులు చేశావు కదరా."

నేను తుడుస్తున్నాను. తల ఊపాను. ఎస్ అందామన్నా ఈల వస్తుంది.

19, సోమవారం

ఫ్రిజ్ మీద చీటీ. ఇప్పుడు మాట్లాడుతోంది కదా, చీటీ ఎందుకంటే, "ముఖ్యమైనవి రాసే చెప్పాలి" అట.

"మామకు. బుధవారం మా క్లాసుకు రావాలి. పళ్ళు తీసి చూపించాలి. టీచర్‌కు చెప్పేశాను. అందరూ సారీ వినాలంటున్నారు. నేను పాఠం చదివాక నువ్వు రావాలి."

పాఠం చదివాక. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను.

వెళ్ళే ప్రసక్తే లేదు. ఇంట్లో అంటే వేరు. నలభై మంది పిల్లలు, టీచర్లు, ప్యూను. మనిషన్నాక కొంచెం పరువు ఉండాలి.

20, మంగళవారం

వెళ్ళే ప్రసక్తే లేదు.

21, బుధవారం

వెళ్ళాను. ప్లేటు ఇంట్లో మర్చిపోయి వెళ్ళాను. నిజంగా మర్చిపోయానా అన్నది ఈ డైరీకి అనవసరం.